డెగా పద్ధతిలో వయొలిన్ వాద్యకారుని స్టడీ: కాగితం ఎంపిక నుంచి గళ్ల సాయంతో పెద్ద చిత్రంలోకి ఎక్కించే వరకు

న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్గార్ డెగా గీసిన ఒక రేఖాచిత్రం ఉంది. ఆకుపచ్చ కాగితంపై బొగ్గుతోనూ పాస్టెల్‌తోనూ 1878–79 ప్రాంతంలో గీసిన ఆ చిత్రంలో కూర్చుని వయొలిన్ వాయిస్తున్న వ్యక్తి కనిపిస్తాడు. కాగితం సుమారు 39 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. బొమ్మ మీదుగా నిలువు, అడ్డం గీతలతో గళ్లు గీసి ఉంటాయి. ‘నృత్య పాఠం’ అనే పాస్టెల్ చిత్రం కోసం డెగా చేసుకున్న సన్నాహం అది.

ఆ చిత్రాన్ని చూసినవారు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. ఇలాంటి స్టడీని, అంటే పెద్ద చిత్రానికి ముందు గీసుకునే సన్నాహక బొమ్మను, మనం ఎలా గీయాలి? ఆ గళ్లు బొమ్మకు ముందు గీయాలా, తరువాత గీయాలా? ఈ రెండింటికీ సమాధానంగా, బొగ్గుతో కాస్త పరిచయం ఉన్నవారు సొంతంగా అనుసరించగలిగేలా ఈ మార్గదర్శిని రాస్తున్నాను. మొత్తం పనికి మూడు పూటలు పడుతుంది. మొదటి పూట చిన్న స్కెచ్‌లకు, రెండో పూట అసలు స్టడీకి, మూడో పూట గళ్లకూ ఎక్కింపుకూ కేటాయించుకోండి.

## 1. గీయడానికి ముందు: ఈ స్టడీ ఏం తేల్చాలి?

స్టడీ పూర్తి చిత్రానికి చిన్న నకలు అనుకుని మొదలుపెడితే గోడ రంగు, కుర్చీ కాళ్లు, కోటు గుండీల దగ్గరే సమయమంతా ఖర్చవుతుంది. పెద్ద చిత్రంలోకి వెళ్లాక తేల్చుకోలేని సందేహాలను ముందుగానే తీర్చుకోవడానికి చిత్రకారుడు స్టడీ గీసుకుంటాడు. అందువల్ల కాగితం ముందు కూర్చునే ముందు ఆ సందేహాలేమిటో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి.

కూర్చున్న వయొలిన్ వాద్యకారుని విషయంలో నేను ప్రతిసారీ రాసుకునేవి మూడే.

- శరీర భారం కుర్చీ మీద ఎక్కడ పడుతోంది? ముందుకు వంగాడా, వెనక్కి ఆనుకున్నాడా?
- కమాను వయొలిన్ తీగలను ఏ కోణంలో దాటుతోంది, కుడి మోచేయి ఎక్కడ ఉంది?
- వెలుగు ఏ వైపు నుంచి వచ్చి ఎక్కడ ఆగుతోంది?

ఈ మూడింటికీ సమాధానం దొరికిన తరువాత, కాగితంలో సగం ఖాళీగా ఉన్నా, పాదాలు రెండు గీతలతోనే ముగిసినా, స్టడీ పూర్తయినట్టే.

ఇంకొక విషయం కూడా ముందే నిర్ణయించుకోవాలి. ‘నృత్య పాఠం’లో వయొలిన్ వాద్యకారుడు ఒంటరిగా లేడు, నర్తకులతో పాటు ఆ గదిలో ఉన్నాడు. మీ పెద్ద చిత్రంలో కూడా అతని పక్కన ఎవరుంటారో, అతను ఎటు చూస్తుంటాడో తెలిసి ఉండాలి. ఎదుట ఉన్నవారి కదలికను గమనిస్తూ వాయించేవాని చూపు వేరుగా ఉంటుంది, స్వరపత్రంలో కళ్లు నాటినవాని చూపు వేరుగా ఉంటుంది. చూపును బట్టి మెడ మారుతుంది, మెడను బట్టి భుజం మారుతుంది.

## 2. సామగ్రి

కాగితం. మధ్యస్థాయి ముదురుతనం ఉన్న రంగు కాగితం తీసుకోండి. బూడిద కలిసిన ఆకుపచ్చ దొరికితే మంచిది. దొరకకపోతే నీలి బూడిద రంగుతోనూ పని నడుస్తుంది. కాగితం తెల్లగా ఉంటే ఈ పద్ధతి మొత్తం తలకిందులవుతుంది, ఎందుకంటే ఇక్కడ మధ్య ఛాయను కాగితమే ఇస్తుంది. మనం చీకటినీ వెలుగునూ మాత్రమే చేరుస్తాం. మందం 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఉంటే చాలు. రంగు కాగితాలకు చాలావాటికి ఒక వైపు తేనెపట్టులా గరుకుగానూ, రెండో వైపు నునుపుగానూ ఉంటుంది. నునుపు వైపే గీయండి. గరుకు వైపు సన్నని కమాను గీత ముక్కలుగా విరిగిపోతుంది.

బొగ్గు. రెండు రకాలు కావాలి. మొదటి గీతలకు మెత్తటి తీగ బొగ్గు (వైన్ చార్‌కోల్). ఇది గుడ్డతో తుడిస్తే పోతుంది. చివరి ముదురు గీతలకు అచ్చు పోసిన గట్టి బొగ్గు లేదా చార్‌కోల్ పెన్సిల్. ఇది అంత సులువుగా పోదు. ఈ రెండింటినీ తారుమారు చేస్తే సవరణకు అవకాశం ఉండదు.

పాస్టెల్. దుకాణంలో పాస్టెల్ అని మాత్రమే అడిగితే చాలాసార్లు ఆయిల్ పాస్టెల్ పెట్టె చేతికిస్తారు. అది జిడ్డుగా ఉంటుంది, బొగ్గు మీద పట్టదు, బొగ్గును మురికిగా మార్చుతుంది. మనకు కావలసింది సుద్దలా పొడి రాలే సాఫ్ట్ పాస్టెల్. తెలుపు, లేత బూడిద, ముదురు గోధుమ, ఇటుక ఎరుపు, ఈ నాలుగు కడ్డీలతో పని పూర్తవుతుంది.

ఇతర వస్తువులు. ఈ జాబితాను సరిచూసుకుని కూర్చోండి.

- [ ] రంగు కాగితం రెండు షీట్లు (ఒకటి రంగులను పరీక్షించడానికి)
- [ ] చవక న్యూస్‌ప్రింట్ కాగితాలు 15
- [ ] తీగ బొగ్గు, గట్టి బొగ్గు, సాఫ్ట్ పాస్టెల్ నాలుగు రంగులు
- [ ] చేతితో పిసికి ఏ ఆకారానికైనా మలుచుకోగల మెత్తటి రబ్బరు
- [ ] పాత నూలు గుడ్డ
- [ ] గీత పలక, మాస్కింగ్ టేపు, ఈజిల్ లేదా పలకను నిలబెట్టడానికి మరో కుర్చీ
- [ ] కొలవడానికి సన్నని పుల్ల లేదా అల్లిక సూది
- [ ] 60 సెంటీమీటర్ల స్కేలు, మూలమట్టం
- [ ] ఫిక్సేటివ్ స్ప్రే (బొగ్గు, పాస్టెల్ పొడి రాలకుండా పట్టి ఉంచేది)
- [ ] ఎక్కింపుకు పెద్ద కాగితం

కాగితం కింద మరో రెండు షీట్లు మెత్తగా పరిచి, ఆ తరువాత పలకకు టేపుతో అంటించండి. నేరుగా చెక్క పలక మీద గీస్తే చెక్క గీతలన్నీ బొగ్గులో తేలతాయి.

## 3. వాద్యకారుని కూర్చోబెట్టడం

చేతులు లేని, గట్టి సీటు ఉన్న కుర్చీ వేయండి. సీటు ఎత్తు 45 సెంటీమీటర్లకు దగ్గరగా ఉండాలి. చేతుల కుర్చీ వేస్తే కుడి మోచేయి కదలడానికి చోటుండదు.

వెలుగు ఒకే కిటికీ నుంచి రావాలి. గదిలోని మిగతా దీపాలన్నీ ఆర్పేయండి. ట్యూబ్‌లైట్ ఒక్కటి వెలుగుతున్నా కోటు మీది నీడ రెండుగా చీలుతుంది, ఆ తరువాత బొగ్గుతో ఎంత రుద్దినా ఆకారం నిలబడదు.

మీరు కూర్చునే చోటు చాలా ముఖ్యం. వాద్యకారుడు వయొలిన్‌ను ఎడమ భుజం మీద పెట్టుకుంటాడు కనుక, అతని ఎడమ ముందువైపు నుంచి చూస్తే వాద్యం మొన మీ వైపే పొడుచుకు వస్తుంది. దాని పొడవంతా కుంచించుకుపోయి కనిపిస్తుంది. మొదటిసారి గీసేవారు అతని ముందు, కొద్దిగా అతని కుడి వైపున ఉండడం మేలు. వాయించేటప్పుడు వయొలిన్ పై పలక కుడివైపుకు కాస్త వాలి ఉంటుంది కనుక అక్కడి నుంచి పలక, కమాను, కుడి చేయి మూడూ స్పష్టంగా కనిపిస్తాయి. దూరం రెండున్నర నుంచి మూడు మీటర్లు ఉండాలి. ఇంతకన్నా దగ్గరైతే మోకాళ్లు తల కంటే పెద్దవిగా కనిపించి కొలతలు తప్పుతాయి.

మీరు నిలబడి గీస్తే వయొలిన్ పై పలక విప్పుకుని కనిపిస్తుంది. కూర్చుని గీస్తే అది అంచులా సన్నబడుతుంది. మీ పెద్ద చిత్రంలో కంటి మట్టం ఎక్కడ ఉందో అదే మట్టంలో ఇక్కడా ఉండండి. ఈ ఒక్క నియమం తప్పితే, స్టడీ ఎంత బాగున్నా పెద్ద చిత్రంలో ఆ మనిషి గాలిలో తేలుతున్నట్టు ఉంటాడు.

పందొమ్మిదో శతాబ్దపు వాతావరణం కోరుకునేవారు ఒక చిన్న విషయం గమనించాలి. ఇప్పటి వాద్యకారులు వయొలిన్ కింద బిగించుకునే షోల్డర్ రెస్ట్ డెగా కాలపు చిత్రానికి నప్పదు. దాన్ని తీసివేయమని అడిగితే వాద్యం ఎత్తు, తల వంపు రెండూ మారతాయి. గీసేటప్పుడు వదిలేస్తే గడ్డం కింద ఖాళీ మిగులుతుంది. కనుక తీయించడమే మంచిది. బదులుగా ఒక మడత గుడ్డ పెట్టుకోనివ్వండి.

వాద్యకారునికి ఇరవై నిమిషాలకు ఒకసారి విశ్రాంతి ఇవ్వండి. ఎడమ చేయి ఎత్తి కదలకుండా ఉంచడం ఎంత కష్టమో వాయించేవారికే తెలుస్తుంది. విశ్రాంతికి ముందు పాదాల చుట్టూ, కుర్చీ కాళ్ల చుట్టూ నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. మళ్లీ కూర్చున్నప్పుడు భంగిమ తేడా రాదు.

## 4. పది చిన్న స్కెచ్‌లు

ఇప్పుడు కదలకుండా కూర్చోమని అడగవద్దు. మామూలుగా వాయించమనండి. నెమ్మదిగా సాగే ఒకే స్వరమాలికను పదే పదే వాయిస్తే చేయి ఒకే దారిలో తిరుగుతుంది. ఒక్కో స్కెచ్‌కు రెండు నిమిషాలు, మొత్తం పది స్కెచ్‌లు, అన్నీ న్యూస్‌ప్రింట్ మీదే.

కమాను గమనంలో మూడు ఘట్టాలుంటాయి. చేతి దగ్గరి చివర తీగల మీద ఉన్నప్పుడు మోచేయి బాగా ముడుచుకుని, పిడికిలి ముఖానికి దగ్గరగా వస్తుంది. కమాను మధ్యభాగం తీగల మీద ఉన్నప్పుడు పై చేయికీ ముంజేతికీ మధ్య దాదాపు లంబకోణం ఏర్పడుతుంది. కొన తీగల మీదికి చేరినప్పుడు చేయి చాచినట్టు అవుతుంది. ఈ మూడింటినీ విడివిడిగా గీయండి.

స్టడీ కోసం మధ్య ఘట్టాన్ని ఎంచుకోమని నా సలహా. ఆ క్షణంలో చేయి రెండు వైపులకూ కదలగలదని చూసేవారికి తెలుస్తుంది కనుక బొమ్మ బిగుసుకుపోదు. పైగా పెద్ద చిత్రంలో పక్క మనుషులకు అది అడ్డం రాదు. మొనదాకా చాచిన చేయి చిత్రంలో ఎవరో ఒకరిని పొడుస్తుంది.

## 5. కొలతలు: తలను కొలబద్దగా తీసుకోవడం

అసలు కాగితం మీద 39 × 30 సెంటీమీటర్ల చట్రం గీయండి. పైన 3, కింద 3 సెంటీమీటర్లు వదలండి. మధ్యలో 33 సెంటీమీటర్లు మిగులుతాయి.

కుర్చీ మీద నిటారుగా కూర్చున్న పెద్దమనిషి ఎత్తు, నేల నుంచి నడినెత్తి దాకా, సుమారు ఆరు తలలు: సీటు నుంచి పైకి నాలుగు, సీటు నుంచి నేలకు రెండు. అంటే ఒక్కో తల 5.5 సెంటీమీటర్లు. మనిషి వంగి కూర్చుంటే ఈ లెక్క తగ్గుతుంది. చేయి చాచి పట్టుకున్న పుల్లతో అసలు కొలత తీసుకుని సరిచేయండి.

వాద్యం కొలతలను కూడా తలలతోనే పోల్చాలి. పెద్దలు వాయించే వయొలిన్ మొత్తం పొడవు 59–60 సెంటీమీటర్లు, దాని డొల్ల భాగం సుమారు 35.5 సెంటీమీటర్లు, కమాను సుమారు 74–75 సెంటీమీటర్లు ఉంటాయి. మనిషి తల 22–23 సెంటీమీటర్లు అనుకుంటే, మన కాగితం మీద ఈ లెక్కలు వస్తాయి.

- తల: 5.5 సెం.మీ.
- వయొలిన్ డొల్ల భాగం: 8.7 సెం.మీ.
- వయొలిన్ మొత్తం: 14.5 సెం.మీ.
- కమాను: 18 సెం.మీ.

ఇవి వాద్యం మనకు పూర్తిగా పక్కగా కనిపించినప్పటి గరిష్ఠ కొలతలు. కోణం పెరిగేకొద్దీ ఇవి తగ్గుతాయే తప్ప పెరగవు. మీ బొమ్మలో కమాను 18 దాటితే ఎక్కడో తప్పు జరిగినట్టే. నేను చూసిన అభ్యాస చిత్రాల్లో మాత్రం చాలావరకు దీనికి వ్యతిరేకం: కమాను పొట్టిగా, వయొలిన్ చిన్నపిల్లల వాద్యంలా ఉంటుంది. మనిషి మీద ఉన్న శ్రద్ధ వాద్యం మీద లేకపోవడమే అందుకు కారణం.

తీగ బొగ్గుతో, చేయి బరువు వేయకుండా, ఈ వరుసలో గుర్తులు పెట్టండి: నడినెత్తి, గడ్డం, సీటు మట్టం, మోకాళ్లు, పాదాలు. తరువాత రెండు భుజాలను కలిపే వాలు గీత, తుంటి వాలు గీత. ఎడమ భుజం వాద్యాన్ని మోస్తుంది కనుక ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండవు. ఆ తేడాను కొంచెం ఎక్కువ చేసి గీసినా నష్టం లేదు; తక్కువ చేస్తే మాత్రం బొమ్మ బడిపిల్లవాడిలా బిగుసుకుని కూర్చుంటుంది.

## 6. వాద్యం, కమాను, కుడి చేయి: అసలు కష్టం ఇక్కడే

ఈ భాగాన్ని తొందరపడి దాటవద్దు. ఎక్కువమంది ముందుగా కుడి చేయి గీసి, దాని చివర కమానును తగిలిస్తారు. అప్పుడు కమాను తీగల మీదికి రాదు. వచ్చినా గుర్రం (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్క వంతెన, బ్రిడ్జ్) మీద కూర్చుంటుంది, లేదా వయొలిన్ మెడ దాకా జారిపోతుంది. చేయిని కమాను నిర్ణయిస్తుంది, కమానును వయొలిన్ నిర్ణయిస్తుంది. గీసే వరుస కూడా అలాగే ఉండాలి.

మొదటిది: వయొలిన్ నడిమి గీత. గడ్డం కింది అంచు నుంచి వయొలిన్ మెడ చివరి చుట్ట (స్క్రోల్) దాకా ఒకే తిన్నని గీత. దాని వాలును పుల్లతో రెండుసార్లు కొలవండి. డొల్ల, మెడ, తీగలు బిగించే బిరడాల పెట్టె అన్నీ ఈ గీత మీదే కూర్చుంటాయి.

రెండవది: గుర్రం స్థానం. పై పలక మీద ఉన్న రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలకు లోపలి వైపు చిన్న గంట్లు ఉంటాయి. గుర్రం ఆ రెండు గంట్ల వరుసలో, రంధ్రాల మధ్య నిలుస్తుంది. అక్కడ నడిమి గీతకు అడ్డంగా ఒక చిన్న గీత గీయండి. మీరు చూసే కోణంలో అది లంబంగా కనిపించకపోవచ్చు. కంటికి కనిపించిన వాలునే నమ్మండి.

మూడవది: కమాను. సరిగా వాయించేటప్పుడు కమాను గుర్రానికి సమాంతరంగా సాగుతుంది. అందువల్ల రెండవ మెట్టులో గీసిన అడ్డగీత వాలునే తీసుకుని, గుర్రానికీ ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పట్టీ) అంచుకూ మధ్య ఉన్న చోటు మీదుగా పొడవుగా గీయండి. తిన్నగా, చేయి ఎత్తకుండా, ఒకే ఊపులో. స్కేలు వాడవద్దు, స్కేలు గీత చుట్టూ ఉన్న గీతలతో కలవదు. చేయి వణికితే పక్కనే మరో గీత గీసి, తప్పు గీతను అలాగే వదిలేయండి. డెగా స్టడీల్లో ఇలా మార్చుకున్న గీతలు కనిపిస్తూనే ఉంటాయి, వాటిని దాచడానికి ఆయన ప్రయత్నించలేదు.

నాలుగవది: కుడి చేతి పిడికిలి. కమాను చేతి చివరన వేళ్లను విడివిడిగా గీయకుండా ఒక చిన్న ముద్దలా పెట్టండి. బొటనవేలు కమానుకు ఒక వైపు, మిగతావి రెండో వైపు ఉండాలి.

ఐదవది: మోచేయి. ఇప్పుడు కుడి భుజం ఎక్కడుందో తెలుసు, పిడికిలి ఎక్కడుందో తెలుసు. భుజం నుంచి మోచేయికి సుమారు ఒకటిన్నర తల, మోచేయి నుంచి మణికట్టుకు అంతకన్నా కాస్త తక్కువ. ఈ రెండు పొడవులూ కలిసే చోటు మోచేయి. కోణం వల్ల ఒకటి కురచగా కనిపించవచ్చు. అయినా ఊహతో పెట్టినదానికంటే ఇది ఎన్నో రెట్లు నమ్మదగినది.

ఆగి, మూడు మీటర్లు వెనక్కి నడిచి చూడండి. తరువాత బొమ్మను అద్దంలో చూడండి. అద్దంలో కమాను వాలు వింతగా అనిపిస్తే, గుర్రం గీత తప్పి ఉంటుంది. చేయిని ముట్టుకోకుండా గుర్రం గీతను ముందు సరిచేయండి.

## 7. ఎడమ చేయి, తల, మిగిలినవి

ఎడమ మోచేయి వాద్యం కిందికి, శరీరం మధ్యకు వస్తుంది. దాన్ని పక్కకు రెక్కలా గీస్తే వయొలిన్ మోయడానికి ఆధారం పోతుంది. వయొలిన్ మెడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి బయటికి వస్తుంది. నాలుగు వేళ్లను మొదట ఒకే దిమ్మగా గీసి, చివర్లో రెండు గీతలతో విడదీయండి.

తల ఎడమవైపుకు తిరిగి, కొద్దిగా వంగి ఉంటుంది. దవడ వాద్యాన్ని తాకే చోట ఒక ముదురు గీత తప్పనిసరి. ఆ ఒక్క గీత వల్లే మనిషికీ వాద్యానికీ సంబంధం కుదురుతుంది. ముఖంలో పోలిక కోసం తాపత్రయపడవద్దు. కనుబొమల వరుస, ముక్కు వాలు, చెవి స్థానం చాలు.

కోటు మడతలను మోచేయి వంపులో రెండు, నడుము దగ్గర రెండు గీయండి. కుర్చీకి మనిషి బరువు ఆనే అంచు మాత్రం గీయండి.

## 8. నీడలు, వెలుగులు

కాగితం మీద కళ్లు సగం మూసి చూస్తే మూడే ఛాయలు కనిపించాలి: బొగ్గు, కాగితం, పాస్టెల్.

ముందు చీకటి. కోటు నీడ వైపు మొత్తాన్ని తీగ బొగ్గు పక్కవాటంగా పట్టి ఒకే దిశలో పూసి, గుడ్డతో తేలికగా అద్దండి. వేలితో రుద్దవద్దు, వేలి జిడ్డు రంగు కాగితం మీద మరకగా మిగిలిపోతుంది, ఆ తరువాత పాస్టెల్ అక్కడ పట్టదు. గట్టి బొగ్గును దవడ కింద, కుడి చంకలో, వయొలిన్ అడుగున, బూట్ల కింద మాత్రమే వాడండి.

ఈ దశలో ఒకసారి పలచగా ఫిక్సేటివ్ చల్లండి. పావుగంట ఆరనివ్వండి. వెలుగులు ఆ తరువాతే.

తెల్లటి పాస్టెల్‌తో జాగ్రత్త అవసరం. కాలరు, చొక్కా కఫ్, నెరసిన జుట్టు, వయొలిన్ అంచు మీది మెరుపు, స్వరపత్రం ఉంటే దాని పైభాగం, అంతే. తెలుపు ఐదు చోట్లకు మించితే చూపు నిలవదు. బొగ్గు మీద నేరుగా తెలుపు పూస్తే నీలం కలిసిన బూడిద రంగు వచ్చి నిర్జీవంగా ఉంటుంది. వెలుగుకీ నీడకీ మధ్య సన్నగా కాగితం కనిపించేలా వదలండి.

చర్మానికి ఇటుక ఎరుపు వాడేటప్పుడు రెండో షీటు ముక్క మీద ముందుగా పరీక్షించండి. ఎరుపు, ఆకుపచ్చ ఒకదానికొకటి ఎదురు రంగులు కనుక ఆకుపచ్చ కాగితం మీద ఎరుపు అనుకున్నదానికంటే మండిపోతుంది. చెంప మీద ఒకటి, చెవి మీద ఒకటి, వేళ్ల కణుపుల మీద ఒకటి, పొడిపొడిగా తాకిస్తే సరిపోతుంది. వయొలిన్‌కు ముదురు గోధుమ పాస్టెల్ ఒక్క పూత వేయండి.

- [ ] దవడ, వాద్యం తాకే గీత ఉంది
- [ ] కమాను గుర్రానికి సమాంతరంగా ఉంది
- [ ] కాగితం రంగు కనీసం సగం భాగంలో కనిపిస్తోంది
- [ ] తెలుపు ఐదు చోట్లకు మించలేదు
- [ ] మొదట రాసుకున్న మూడు ప్రశ్నలకూ సమాధానం బొమ్మలో ఉంది

## 9. గళ్లు: బొమ్మ పూర్తయ్యాకే

మొదట్లో చెప్పిన ప్రశ్నకు సమాధానం ఇది. గళ్లు ముందుగా గీస్తే కన్ను మనిషిని వదిలేసి గడిని చూస్తుంది. ఒక్కో గడిలోని ముక్క సరిగ్గా ఉన్నా మొత్తం భంగిమ చచ్చిపోతుంది. ఫోటో నుంచి నకలు చేసేవారికి ఆ పద్ధతి అలవాటు. ఎదుట మనిషిని కూర్చోబెట్టుకుని గీసిన స్టడీలో గళ్లకు ఉన్న పని ఒక్కటే: తేలిన నిర్ణయాలను చెదరకుండా పెద్ద చిత్రంలోకి మోయడం.

39 × 30 చట్రంలో 3 సెంటీమీటర్ల గళ్లు గీస్తే నిలువునా 13, అడ్డంగా 10, మొత్తం 130 గళ్లు వస్తాయి. సాధన కోసం నేను ఎంచుకున్న లెక్క ఇది. కాగితం కొలత మీకు వేరైతే, రెండు వైపులనూ శేషం లేకుండా భాగించే సంఖ్యను ఎంచుకోండి.

1. చట్రం నాలుగు వైపులా 3 సెంటీమీటర్లకు ఒక చుక్క పెట్టండి.
2. మూలమట్టంతో మూలలు 90 డిగ్రీలు ఉన్నాయో లేదో సరిచూడండి. వాలిన చట్రం మీద గళ్లు గీస్తే మనిషి కూడా వాలుతాడు.
3. చార్‌కోల్ పెన్సిల్ మొన చెక్కి, స్కేలును బొమ్మ మీద ఆనించకుండా దాని రెండు చివరల కింద అట్టముక్కలు పెట్టి గీయండి. లేకపోతే పాస్టెల్ అంతా స్కేలుకు అంటుకుంటుంది.
4. అడ్డం వరుసకు అ, ఆ, ఇ, ఈ అని, నిలువు వరుసకు 1, 2, 3 అని అంచుల్లో రాయండి.
5. కుడి పిడికిలి, ఎడమ వేళ్లు, ముఖం ఉన్న గళ్లలో మూల నుంచి మూలకు రెండు కర్ణాలు గీయండి. చిన్న వివరాలు ఎక్కడున్నాయో కర్ణాలు కచ్చితంగా చెబుతాయి.

స్టడీ మీద గీతలు పడతాయని మనసొప్పనివారు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద గళ్లు గీసి, దాన్ని బొమ్మ పైన ఎత్తి అమర్చుకోవచ్చు. నేను మాత్రం నేరుగానే గీస్తాను.

## 10. పెద్ద కాగితం మీదికి ఎక్కించడం

రెట్టింపు కొలతకు 78 × 60 సెంటీమీటర్ల స్థలం, 6 సెంటీమీటర్ల గళ్లు కావాలి. పెద్ద చిత్రంలో వాద్యకారుడు ఎక్కడ కూర్చోవాలో ఆ చోట మాత్రమే గళ్లు గీయండి.

మొదట ఆకారాలను నకలు చేయకండి. బొమ్మ గీతలు గళ్ల గీతలను ఎక్కడ దాటుతున్నాయో ఆ చోట్ల చుక్కలు పెట్టండి. స్టడీలో కమాను ఒక గడి ఎడమ అంచును కింది నుంచి మూడో వంతు ఎత్తులో దాటితే, పెద్ద గడిలోనూ అదే మూడో వంతు దగ్గర చుక్క. వయొలిన్ నడిమి గీత, కమాను, భుజాల గీత, సీటు మట్టం, ఈ నాలుగింటి చుక్కలు పూర్తయ్యాకే మిగతా వాటికి వెళ్లండి.

చుక్కలు కలిపేటప్పుడు స్టడీని ఎదురుగా నిలబెట్టి, భుజం నుంచి చేయి కదిలిస్తూ గీయండి. పెద్ద కొలతలో మణికట్టు గీతలు బలహీనంగా ఉంటాయి.

మనిషిని ఎక్కించాక చోటు చాలలేదనిపిస్తే బొమ్మను కుదించవద్దు. ‘నృత్య పాఠం’ పాస్టెల్ మూడు కాగితపు ముక్కలను అతికించి చేసినది. మీరూ అంచుకు మరో ముక్క చేర్చవచ్చు. అదే రకం కాగితాన్ని తీసుకుని, రెండు షీట్లనూ వెనుక నుంచి ఒక గట్టి ఆమ్లరహిత అట్టకు గోధుమ పిండి జిగురుతో అంటించి, బరువు పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. సెల్లో టేపుతో అతికితే కొన్నేళ్లకు పసుపు పట్టి ఊడిపోతుంది.

## 11. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

వాద్యకారుడు వయొలిన్‌ను మోస్తున్నట్టు కాక, అది అతనికి అతికించినట్టు ఉంది. దవడ కింది ముదురు గీత, ఎడమ మోచేయి స్థానం చూడండి. తొంభై శాతం సందర్భాల్లో మోచేయి బయటికి వెళ్లి ఉంటుందనేది నా అనుభవం.

కమాను వంగినట్టు కనిపిస్తోంది. కమాను కర్రకు సహజంగానే వెంట్రుకల వైపు కొద్దిపాటి వంపు ఉంటుంది. వెంట్రుకలు మాత్రం తిన్నగా ఉంటాయి. మొదట వెంట్రుకల గీతను తిన్నగా గీసి, దాని పైన కర్రను గీయండి.

బొమ్మ మొత్తం నల్లబడిపోయింది. మెత్తటి రబ్బరును మొనలా చేసి, రుద్దకుండా అద్ది అద్ది బొగ్గును ఎత్తేయండి. ఎత్తిన ప్రతిసారీ రబ్బరును మడిచి శుభ్రమైన వైపు వాడండి. కాగితం తిరిగి కనిపించాలి.

పెద్ద చిత్రంలో మనిషి లావుగా వచ్చాడు. పెద్ద గళ్లు చతురస్రాలుగా ఉన్నాయో లేదో కొలవండి. 6 × 6 కు బదులు 6.2 × 6 ఉంటే పది గళ్లకు 2 సెంటీమీటర్లు పెరిగిపోతాయి.

ఫోటో చూసి గీస్తే చేతులు తప్పుతున్నాయి. ఫోన్ కెమెరాతో దగ్గర నుంచి తీస్తే ముందున్న చేయి ఉబ్బుతుంది. మూడు మీటర్ల దూరం నుంచి, కొంచెం జూమ్ చేసి తీయండి. మనిషిని ఎదురుగా చూసి చేసిన రెండు నిమిషాల స్కెచ్‌లను పక్కన పెట్టుకునే గీయండి.

## 12. స్థిరపరచడం, దాచడం

ఫిక్సేటివ్‌ను ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, 30–40 సెంటీమీటర్ల దూరం నుంచి చల్లండి. ఒక మందపాటి పూత కంటే మూడు పలచని పూతలు మేలు. తెల్లటి పాస్టెల్ ఫిక్సేటివ్ తగిలితే మసకబారుతుంది కనుక చివరి తెలుపును దాని తరువాత వేసి అలాగే వదిలేయండి. హెయిర్ స్ప్రే వాడవద్దు. అది కాలక్రమంలో పసుపు పట్టిస్తుంది.

రంగు కాగితం ఎండకు వెలిసిపోతుంది. కిటికీ ఎదుటి గోడకు తగిలించవద్దు. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ బొమ్మకూ మధ్య అట్ట అంచు తప్పనిసరి. అక్రిలిక్ షీటు వద్దు, దాని స్థిర విద్యుత్తు పాస్టెల్ పొడిని పైకి లాగుతుంది. కోస్తా ఊళ్లలో వానాకాలం బూజు పడుతుంది. గోడకు నేరుగా ఆనకుండా ఫ్రేము వెనుక రెండు బెండు ముక్కలు అంటించండి.

## 13. కచేరీ వయొలిన్ విద్వాంసులను గీసేవారికి

మన దగ్గర ఎదురుగా కూర్చోగల వయొలిన్ విద్వాంసులు చాలావరకు కర్ణాటక సంగీతం వాయించేవారే. వారిని గీసేటప్పుడు పై మెట్లన్నీ పనికొస్తాయి, కొలతలు మాత్రం మారతాయి.

వారు నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, కుడి పాదాన్ని కొంచెం ముందుకు చాచి, వయొలిన్ చివరి చుట్టను దాని మీద ఆనిస్తారు. డొల్ల వెనుక భాగం ఛాతీకి, ఎడమ భుజానికి ఆనుతుంది. కనుక వాద్యం బరువు గడ్డం మీద ఉండదు, ఎడమ చేయి వయొలిన్ మెడ మీద స్వేచ్ఛగా జారుతుంది. దవడ కింద ముదురు గీత ఇక్కడ తప్పు. ఆ గీతను చుట్ట పాదాన్ని తాకే చోట పెట్టండి.

ఎత్తు ఆరు తలల నుంచి నాలుగుకు కాస్త ఎక్కువగా దిగుతుంది, మోకాళ్ల మధ్య వెడల్పు పెరుగుతుంది. కాగితాన్ని అడ్డంగా తిప్పి, 39 సెంటీమీటర్ల వైపును వెడల్పుగా తీసుకుని, అవే 3 సెంటీమీటర్ల గళ్లను అడ్డం 13, నిలువు 10 గా గీయండి. నడిమి గీత ఇప్పుడు భుజం నుంచి పాదానికి కిందికి వాలుతుంది; గుర్రం, కమాను, పిడికిలి, మోచేయి అనే వరుస మాత్రం అదే.

వేదిక మీద వాయిస్తుండగా గీయాలనుకుంటే ముందుగా విద్వాంసుల అనుమతి తీసుకోండి, మొదటి వరుసలో కాక పక్కన కూర్చోండి, చప్పుడు చేసే కాగితం వాడకండి. నిదానంగా సాగే ఆలాపన సమయంలో కమాను గమనం పొడవుగా ఉంటుంది, మధ్య ఘట్టం పదే పదే తిరిగి వస్తుంది. రెండు నిమిషాల స్కెచ్‌లకు అదే అనువైన సమయం.